బ్యాటరీ పెట్టిన ఒట్టు

టీవీలో కంపెనీ ఆఫీసరు పత్తిమొక్కని వంచాడు. కొమ్మ తిప్పి తిప్పి చూశాడు. చేతికంటిన దుమ్ము దులుపుకుని, జనం వైపు తిరిగి నోరు తెరిచాడు. అంతే. బొమ్మ పోయి తెరంతా తెల్లటి చుక్కలొచ్చాయి.

చెంచురామయ్య గారి హాల్లో కింద కూర్చున్న రైతులు కాసేపు ఆ చుక్కల్నే చూశారు. తర్వాతేమన్నా వస్తుందేమోనని వాళ్ల ఆశ. ఏమీ రాలేదు.

"ఏదిరా? ఆ మాటేదీ?" అంటూ లేచాడు కోటేష్.

జక్రయ్య గుమ్మం బయట, చెప్పులు వదిలేచోట నిలబడి ఉన్నాడు. తీసిన వీడియో అతనిదైనా, పెట్టిన వీసీఆర్ అతనిదైనా, చూడటం మాత్రం అక్కడి నుంచే.

"అక్కడికి బ్యాటరీ అయిపోయిందిరా," అన్నాడు.

"అయిపోయిందా! దండలేసిందంతా ఉంది. కొబ్బరికాయ కొట్టింది ఉంది. చెంచురామయ్య బాబాయి ఉపన్యాసం పొల్లు పోకుండా ఉంది. మనకి కావలసిన ముక్క దగ్గరికొచ్చేసరికి అయిపోయిందా?"

ఎవరికైనా ఒళ్లు మండే సంగతే. ఆ ఏడు చింతగుంటపాలెంలో సగం ఊరు వేసిన పత్తి మానుల్లా పెరిగింది గానీ కాయ పట్టలేదు. పొయ్యిలో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు. గోల చేస్తే విత్తనాల కంపెనీ ఆఫీసరు జీపులో వచ్చాడు. ఆయన ఏమంటాడో వీడియో తీయించి పెట్టుకుందామని ఊరంతా అనుకుని అద్దంకి నుంచి జక్రయ్యని పిలిపించారు. ఆఫీసరు కోటేష్ చేలో నిలబడి, "విత్తనంలోనే తేడా ఉందయ్యా, కంపెనీ చూసుకుంటుంది," అన్నాడు. అందరూ విన్నారు. తీరా నష్టం అడగబోతే, "నేనెప్పుడన్నాను? ఎరువు ఎక్కువేశారు, నీళ్లు తప్పు పెట్టారు, అదీ మీ గొడవ. వీడియో తీయించారుగా, అందులో ఉంటే చూపించండి," అన్నాడు.

అందులో లేదు. అదీ సంగతి.

"ఆ రోజే చెప్పానుగా అయ్యగారూ," అన్నాడు జక్రయ్య చెంచురామయ్య వైపు చూసి. "గట్టు మీద మీ దగ్గరికొచ్చి, బ్యాటరీ పోయిందండీ, కాస్త ఆఫీసరు గారిని ఆపండి, ఊళ్లోకెళ్లి కరెంటుకి పెట్టి తీస్తానన్నాను. పర్లేదులేరా, అందరం విన్నాంగా అన్నారు."

పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్న చెంచురామయ్య కండువా సర్దుకున్నాడు. ఊళ్లో పెద్ద రైతు ఆయనే, ఈ వ్యవహారానికి ముందు నడిచిందీ ఆయనే.

"ఏమోరా. ఆ హడావిడిలో ఎవడేమన్నాడో నాకేం గుర్తు? అన్నావేమో, అనలేదేమో."

జక్రయ్య గుమ్మంలోకి ఒక అడుగు వెయ్యబోయి ఆగాడు.

"మరి కంపెనీ జీపులో అద్దంకి వెళ్లావంటగా," అన్నాడు వెనక నుంచి ఒకాయన. "చూసినవాళ్లున్నారు."

"బస్సు తప్పిపోయిందండీ. కెమెరా, స్టాండూ మోసుకుని నడవలేక ఎక్కమంటే ఎక్కాను."

"ఎక్కమన్నారు, ఎక్కావు. ఆపమన్నారు, ఆపావు," అన్నాడు కోటేష్. "ఎంతకి అమ్ముడుపోయావురా జక్రీ?"

పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఆ మాట అతని నోటి నుంచే వచ్చింది. జక్రయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి, సిగ్గేసి తల దించుకున్నాడు.

"తేల్చుకోవడం ఎంతసేపు?" అన్నాడు చెంచురామయ్య నిదానంగా. "తడిబట్టలతో రామాలయం ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యి. మేమూ నమ్ముతాం."

మామూలు రోజుల్లో జక్రయ్య ఆ గుడి మెట్టెక్కితే ఊరుకోరు. ప్రమాణానికి మాత్రం రమ్మంటున్నారు.

"మేం ఒట్లు పెట్టకూడదండీ. మా బైబిలు వాక్యంలో ఉంది. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే."

"చూశారా, తప్పించుకుంటున్నాడు!" అని అరిచారు ఎవరో.

జక్రయ్యకి అప్పుడొచ్చింది కోపం. సంచిలోంచి బ్యాటరీ ప్యాకు తీసి గుమ్మం మీద పెట్టాడు. కొత్తది. పైన మెరిసే కాగితం మీద రెండు గంటలని రాసి ఉంది.

"నేను పెట్టను. దీనిచేత పెట్టిస్తా. మీ కళ్లముందే ఛార్జింగు పెట్టండి, మీ కళ్లముందే కెమెరాకి తగిలిస్తాను. రెండు గంటలు నడిచిందా, నేను దొంగనే. ఈ ఊళ్లో మళ్లీ కాలు పెట్టను."

*

మాట అయితే అనేశాడు గానీ ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. ఆ రోజు చేలో అది మధ్యలో చచ్చిన మాట నిజమే. ఎందుకు చచ్చిందో తనకు మాత్రం ఏం తెలుసు? ఒకవేళ ఊరందరి ముందూ నిక్షేపంలా రెండు గంటలూ నడిచిందంటే?

"ఇప్పటికే ఉప్పుమాగులూరోళ్లు పెళ్లి వీడియోకి వద్దని కబురు పెట్టారు," అంది భార్య రెబ్కా బియ్యం చెరుగుతూ. "వేరేవాళ్లని చూసుకున్నారంట. చర్చిలో ఎలీసమ్మ గారు కూడా అడిగింది, మీ ఆయన కంపెనీ వాళ్ల దగ్గర తిన్నాడంటగా అని. నేనేం చెప్పను?"

"తినలేదని చెప్పు."

"చెప్పాను. నమ్మినట్టు తలూపింది."

జక్రయ్య గుంటూరు వెళ్లాడు, ప్యాకు కొన్న షాపుకి. షాపతను దాన్ని చేత్తో ముట్టుకోలేదు. "ఛార్జింగు సరిగ్గా పెట్టుకుని ఉండరు. మీ పల్లెటూళ్ల కరెంటు ఎక్కువ తక్కువలుగా వస్తుంది. సరుకులో తప్పుండదండీ," అన్నాడు. ఈ మాటలు ఎక్కడో విన్నట్టే ఉన్నాయే అనుకున్నాడు జక్రయ్య. బస్సు నరసరావుపేట దాటాక గుర్తొచ్చింది. ఎరువు ఎక్కువేశారు, నీళ్లు తప్పు పెట్టారు.

అద్దంకి బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే అలీ సాహెబ్ ప్యాకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు, కొబ్బరికాయని చూసినట్టు.

"బరువు తక్కువుంది జక్రయ్యా. పాత సెల్లులు పెట్టి కొత్త తొడుగు తొడిగారేమో. విప్పితే తెలుస్తుంది."

"విప్పొద్దు సాయిబు గారూ. విప్పితే నేనే పాడుచేశానంటారు. ఇట్టానే తీసుకెళ్లాలి."

"మరి నడిస్తే?"

"నడిస్తే నా ఖర్మ."

*

ప్యాకుని ఛార్జింగు పెట్టడం చెంచురామయ్య గారింట్లోనే జరిగింది. జక్రయ్య ఇంట్లో పెడితే ఏం మాయ చేస్తాడోనని ఊళ్లోవాళ్ల అనుమానం. ఎర్రలైటు పచ్చలైటుగా మారేదాకా కోటేష్ దాని పక్కనే కూర్చున్నాడట, అన్నానికి కూడా లేవకుండా.

పొద్దున్నే సొసైటీ గోడౌను అరుగు మీద స్టాండు వేసి కెమెరా బిగించాడు జక్రయ్య. భుజాన పెట్టుకునే పెద్ద కెమెరా, పెళ్లి క్యాసెట్టు పట్టేది. అరుగు కింద ఊరంతా ఉంది. కోడిపందేనికి వచ్చినట్టు కొందరు పందేలు కూడా కాసుకున్నారు. తమాషా చూద్దామని అద్దంకి విత్తనాల డీలరు కూడా స్కూటరేసుకుని వచ్చాడు. ఆ పత్తి విత్తనాలు ఊరికి అమ్మింది ఆయనే.

"ఊరికే ఆన్ చేసి పెడితే దానంతటదే ఆగిపోతుందండీ, క్యాసెట్టు తిరగాలి," అని చెప్పి జక్రయ్య ఒక పాత క్యాసెట్టు పెట్టాడు. కెమెరాని ఎదురుగా గోడ మీదున్న సొసైటీ గడియారం వైపు తిప్పాడు. ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో బొమ్మలోనే ఉంటే గుంటూరు షాపువాడి ముఖాన కొట్టొచ్చని అతని ఆలోచన. బటన్ నొక్కాడు. ముందువైపు ఎర్రదీపం వెలిగింది.

మొదట్లో అందరూ ఆ ఎర్రదీపాన్నే చూశారు. దీపాన్ని ఎంతసేపని చూస్తారు? బీడీలు వెలిగాయి. గుంటూరు యార్డులో మిరప రేటు గురించి మాటలు మొదలయ్యాయి. ఎండ ఎక్కేసరికి టీలు తెప్పించారు. జక్రయ్య మాత్రం అరుగు అవతలి చివర మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. పచ్చి మంచినీళ్లు కూడా దిగలేదు. 'ప్రభువా, ఇది చచ్చిపోవాలి' అని లోలోపల ప్రార్థన చేసుకున్నాడు. సొంత వస్తువు పాడైపోవాలని మొక్కుకునే రోజు వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

కెమెరా దగ్గర నీడగా ఉంటే చెంచురామయ్య, డీలరు టీ గ్లాసులు పట్టుకుని అక్కడికి పోయి నిలబడ్డారు. మిగిలినవాళ్లు టీకొట్టు దగ్గరే ఉన్నారు.

"ఏమిరా, దీపం ఇంకా వెలుగుతూనే ఉందే!" అన్నాడు కోటేష్ దూరం నుంచి. ఆ గొంతులో కసి వినపడింది.

"వెలగనీరా," అన్నాడు జక్రయ్య.

ఇంకాసేపటికి ఎర్రదీపం టపటపా కొట్టుకుంది. జక్రయ్య లేచి నిలబడ్డాడు. దీపం ఆరిపోయింది. కెమెరాలో క్యాసెట్టు తిరిగే చప్పుడు ఆగింది. గడియారం చూస్తే గంట కూడా కాలేదు.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. "అయ్యో, పాపం జక్రయ్య!" "వాడు మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాడు." "జీపెక్కినంత మాత్రాన దొంగైపోతాడా?" నిన్నటిదాకా అరిచిన నోళ్లే.

చెంచురామయ్య వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అంతమందిలో ఆయన అలా ముట్టుకోవడం అదే మొదలు.

"ఏదో అన్నామురా. మనసులో పెట్టుకోకు. మావాడు అద్దంకిలో షాపు పెడుతున్నాడు, ఓపెనింగుకి వీడియో నువ్వే తియ్యాలి. సరేనా?"

"అట్టాగే అయ్యగారూ," అన్నాడు జక్రయ్య. ఆ ఊపులో అతనికి ఏడుపొచ్చింది.

అందరూ పోయాక కోటేష్ ఒక్కడే అరుగు కింద నిలబడి ఉన్నాడు.

"నీ తప్పు లేదని తేలింది," అన్నాడు. "సంతోషంరా. మరి నా చేను సంగతి?"

జక్రయ్య స్టాండు కాళ్లు ముడిచాడు.

*

ఆ సాయంత్రం ఇంట్లో పండగే. రెబ్కా గుడ్లు ఉడికించింది. ప్యాకు ఎంతసేపు నడిచిందో సరిగ్గా చూసుకుని గుంటూరు తీసుకెళదామని జక్రయ్య క్యాసెట్టు వీసీఆర్లో పెట్టాడు. తెర మీద సొసైటీ గోడ, గోడ మీద గడియారం. ముల్లు కదులుతోంది. ఎక్కడో మేక అరిచింది. చూసేందుకేముందని పేపరు ముందేసుకుని గుడ్డు వలుచుకుంటున్నాడు.

టీవీలోంచి డీలరు గొంతు వినపడింది.

"... చచ్చేంత భయపడ్డాననుకోండి. విత్తనం తప్పేనని ఆఫీసరు ఊరందరి ముందూ అనేశాడు గదా. అది గానీ వీడియోలో పడుంటే కంపెనీ నా పీక కోసేది."

జక్రయ్య చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది. తెర మీద గడియారమే ఉంది. మనుషులు లేరు, మైకు పట్టిన గొంతులే.

"పడలేదుగా," అన్నాడు చెంచురామయ్య. టీ జుర్రుకున్న చప్పుడు. "వీడొచ్చి బ్యాటరీ పోయిందన్నప్పుడు నాకేం తోచలేదు. మర్నాడు మీరు ఇంటికొచ్చి మాట్లాడాక తెలిసింది దాని విలువ."

"మీ అబ్బాయి చైతన్యకి షాపు ఖాయమండి. వచ్చే సీజన్నుంచి కంపెనీ విత్తనాలన్నీ అతని చేతి మీదుగానే. ఊళ్లోవాళ్లని మాత్రం మీరే చూసుకోవాలి."

"చూసుకునేదేముంది? వీడి మీద పడి అరిచారు, కడుపు మంట తీరింది. కోటేషుగాడొక్కడే కాస్త బిగుసుకున్నాడు. వాడి చేనుకి నీళ్లు నా బోరువేగా. ఎక్కడికి పోతాడు?"

తర్వాత, దూరంగా, కోటేష్ గొంతే. "ఏమిరా, దీపం ఇంకా వెలుగుతూనే ఉందే!"

రెబ్కా వంటింటి గుమ్మంలో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "నిన్ను దొంగని చేసి ఊరి ముందు నిలబెట్టింది ఇందుకా," అంది. "ఇందుకా!"

*

మర్నాడు జక్రయ్య ఫస్టు బస్సుకే చింతగుంటపాలెం వెళ్లాడు. కోటేష్, అతని భార్య సుబ్బరావమ్మ చేలో పత్తి మొక్కలు పీకుతున్నారు. మొదలు దగ్గర వంగి, రెండు చేతులా పట్టి లాగితే గానీ రావడం లేదు. అంత బలంగా పెరిగాయి. పీకినచోట మిరప వెయ్యాలని వాళ్ల ఆశ, ఆలస్యమైనా సరే.

జక్రయ్య గట్టు మీద నిలబడే అంతా చెప్పాడు. ఆ గొంతులు ఏమన్నాయో అన్నీ. కోటేష్ పీకడం ఆపలేదు. బోరు సంగతి చెప్పినప్పుడు మాత్రం చేతులు ఆగాయి.

"క్యాసెట్టు నా దగ్గర ఉంది," అన్నాడు జక్రయ్య. "నీకు కావలసిన మాట అందులో ఉందిరా. ఆఫీసరు అన్నాడని వాళ్లే ఒప్పుకున్నారు. పంచాయతీలో పెడదాం. కలెక్టరు దగ్గరికైనా పోదాం."

కోటేష్ మెల్లగా నడుం ఎత్తాడు. చేలకి అవతల, చెంచురామయ్య బోరు షెడ్డు వైపు చూశాడు. పైపులోంచి నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లు అతని మడిలోకే పారుతున్నాయి.

"చెరిపెయ్యరా," అన్నాడు.

"ఏందీ?"

"చెరిపెయ్. నువ్వు నాకు చెప్పలేదు, నేను వినలేదు. ఇయ్యాళ ఈ మొక్కలు పీకి, మిరపనారు పెట్టి, నీళ్లు పెట్టుకోవాల. నీళ్లు ఆయనవి. రేపు ఆ మోటారు ఆపేస్తే నీ క్యాసెట్టు తెచ్చి నా చేలో తడుపుతావా?"

"మొన్న అంతమందిలో నన్ను అమ్ముడుపోయావన్నావే!"

"అన్నాను." కోటేష్ కళ్లు ఎర్రబడ్డాయి. "నిన్ను అనొచ్చు కాబట్టి అన్నాను. ఆయన్ని అనగలనా నేను?"

సుబ్బరావమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎండగా ఉంది, మజ్జిగ తాగిపో అన్నా," అంది. జక్రయ్య తాగలేదు. అతను తిరిగి గట్టు దిగుతుంటే వెనక మళ్లీ మొక్కలు పీకే చప్పుడు మొదలైంది.

*

అద్దంకిలో తన వీడియో షాపుకొచ్చి షట్టరు సగం దించాడు. కరెంటు లేదు, మధ్యాహ్నం కోత. పొద్దున వెళ్లేముందు ప్యాకుని ఛార్జింగులో పెట్టాడు గానీ ఎర్రలైటు మీదుండగానే కరెంటు పోయినట్టుంది. ఎంత ఎక్కిందో అంతే. కరెంటు వచ్చేదాకా ఆగితే మనసు మారుతుందని భయం. కోటేషే వద్దన్నాక తనకెందుకు? రేపు ఊళ్లో పెళ్లిళ్లు కావాలి, రెబ్కా చర్చిలో తలెత్తుకోవాలి. పోయిన పేరు తిరిగొచ్చింది, చాలదా?

క్యాసెట్టుని మొదటికి తిప్పి కెమెరాలో పెట్టాడు. లెన్సు మూత తియ్యకుండా, మైకుకి గుడ్డ చుట్టి, బటన్ నొక్కాడు. గడియారం బొమ్మ మీద చీకటి పడుతూ పోతుంది. గొంతుల మీద కూడా. అతను చెయ్యాల్సిందేమీ లేదు, కూర్చోవడమే. కూర్చున్నాడు. తను చేస్తున్న పని తలుచుకుంటే అసహ్యమేసింది. ఆ రోజు చేలో ఇదే పని చేశాననేగా వాళ్లు తిట్టింది? అప్పుడు చెయ్యలేదు. ఇప్పుడు చేస్తున్నాడు.

ఎర్రదీపం టపటపా కొట్టుకుని ఆరిపోయింది.

ఇంత త్వరగానా! ఆ గొంతులున్నచోటికి ఇంకా చాలా టేపుంది. కాసేపటికి కరెంటొచ్చి ఫ్యాను కిర్రుమంది. వీసీఆర్లో పెట్టి చూశాడు. కాస్త చీకటి, చీకటి తర్వాత మళ్లీ సొసైటీ గోడ, గడియారం. ముందుకు తిప్పాడు. 'చచ్చేంత భయపడ్డాననుకోండి,' అన్నాడు డీలరు. అలాగే ఉంది. గోడకి ప్లగ్గు ఉంది, కెమెరాకి వైరు ఉంది. తగిలిస్తే మిగతాది కూడా చెరిగిపోతుంది. జక్రయ్య క్యాసెట్టు బయటికి తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వైరు ముట్టుకోబుద్ధి కాలేదు.

షట్టరు కింద నుంచి వంగి చైతన్యకృష్ణ లోపలికొచ్చాడు. చెంచురామయ్య కొడుకు, కొత్త షాపు యజమాని. మనిషి మంచివాడే, నవ్వుతూ మాట్లాడతాడు.

"జక్రయ్యా, రేపు పొద్దున్నే ఓపెనింగు. నాన్న చెప్పారుగా? ఆఫీసరు గారు కూడా వస్తున్నారు, రిబ్బను ఆయనే కత్తిరించేది." చేతిలో క్యాసెట్టు చూశాడు. "కొత్తది కొనకులే. ఇది ఖాళీదేగా? ఇందులోనే తీసెయ్."

జక్రయ్య టేబులు మీద స్క్రూడ్రైవరు అందుకున్నాడు. క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క కింద దూర్చి నొక్కాడు. టక్కున విరిగి కిందపడింది. అది విరిచాక ఇక దాని మీద ఏ కెమెరా కొత్తగా ఏమీ ఎక్కించదు.

"ఖాళీ కాదు బాబూ. నిండిపోయింది."

"పోనీ వేరేది తీసుకురా. వస్తున్నావుగా?"

"రాలేను బాబూ. నా బ్యాటరీ మధ్యలో ఆగిపోద్ది. ఊరంతా చూసిందిగా, మీ నాన్నగారు దగ్గరుండి చూశారు."

"మేం కొత్తది కొనిస్తాంలే!"

"వద్దండీ," అన్నాడు జక్రయ్య. "ఆఫీసరు గారు మళ్లీ నోరు తెరిచినప్పుడు నేను అక్కడ ఉండలేను."

చైతన్యకృష్ణకి ఏమీ అర్థం కాలేదు. "నీ ఇష్టం," అని వంగి బయటికెళ్లి బండి స్టార్టు చేసుకున్నాడు. ఇంటికెళ్లి ఈ మాట నాన్నకి చెప్తాడు. ఆయనకి అర్థమవుతుంది. అర్థమయ్యాక ఏమవుతుందో, ఈ క్యాసెట్టుని ఎవరికి చూపించాలో, చూసేవాడంటూ ఉంటాడో లేదో జక్రయ్యకి తెలియలేదు. విరిగిన ముక్కని కిందనుంచి ఏరి జేబులో వేసుకున్నాడు. క్యాసెట్టుని బీరువాలో పెళ్లిళ్ల క్యాసెట్ల వెనక పెట్టి, షట్టరు పూర్తిగా పైకెత్తాడు.